కేకు మాట ఎవరిది, రోబెస్పియర్‌కు కొమ్ములు పెట్టింది ఎవరు?

ఫ్రెంచి విప్లవం గురించి బడిలో చదివిందంతా మర్చిపోయినవాళ్లకు కూడా ఒక్క మాట మాత్రం గుర్తుంటుంది: "రొట్టె లేకపోతే కేకులు తినమనండి." ఏ మంత్రిగారో ఉల్లిపాయల ధర మీద నోరు జారితే చాలు, ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు, వెంటనే మేరీ ఆంటోయినెట్ పేరూ ఎత్తుతారు. పదహారో లూయీ భార్య అయిన ఆవిడ ఈ మాట అన్నట్టు ఆ కాలం నాటి ఆధారం ఒక్కటీ లేదు.

మాట కనిపించేది రూసో ఆత్మకథలో. ఒకసారి చేతిలో వైన్ ఉండి, దానితో తినడానికి రొట్టె దొరకనప్పుడు "ఒక గొప్ప రాకుమారి" అన్న మాట గుర్తొచ్చిందని ఆయన రాసుకున్నాడు. పేరు చెప్పలేదు. ఆ భాగం రాసింది 1765 ప్రాంతంలో. అప్పటికి మేరీ ఆంటోయినెట్‌కు పదేళ్లు, వియన్నాలో అమ్మ దగ్గర ఉంది. ఫ్రాన్స్‌కు కోడలిగా వచ్చింది 1770లో. పైగా ఆ రాకుమారి తినమన్నది కేకు కూడా కాదు, బ్రియోష్. వెన్న, గుడ్లు దండిగా వేసి కాల్చే మెత్తటి రొట్టె. ఇంగ్లిషువాళ్లు దాన్ని కేకు చేశారు, మనం వాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్నాం. ఇలాంటి కథే చైనాలో ఎంతో ముందు నుంచీ ఉంది. జనం తిండిగింజలు లేక చచ్చిపోతున్నారని చెబితే, జిన్ వంశపు చక్రవర్తి హుయ్ "మాంసం జావ తాగొచ్చు కదా" అన్నాడట.

అసలు విచిత్రం ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో పారిస్‌లో రాణిని తిడుతూ లెక్కలేనన్ని కరపత్రాలు అచ్చయ్యాయి. ఆవిడ పడకగది గురించి, ఖర్చుల గురించి, పుట్టింటి ఆస్ట్రియా మీద మమకారం గురించి నోటికొచ్చినట్టు రాశారు. కేకు మాటను మాత్రం అప్పటి శత్రువులు ఎవరూ వాడుకోలేదు. అది ఆవిడకు అంటుకున్నది తర్వాతి శతాబ్దంలో.

ఇక్కడితో ఆపేస్తే "పాపం రాణి" అనిపిస్తుంది. చాలా వ్యాసాలు అక్కడే ఆపేస్తాయి కూడా. నాకు ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాతి కథ. ఆవిడ మీద పడ్డ అబద్ధపు నిందలు తక్కువేం కాదు. 1785లో బయటపడ్డ వజ్రాలహారం కేసులో 16 లక్షల లీవర్ల (అప్పటి ఫ్రెంచి డబ్బు) నగను రాణి పేరు వాడుకుని ఒక మోసగత్తె కాజేసింది. రాణికి అందులో ప్రమేయమే లేదు, అయినా జనం నమ్మింది ఆవిడే కొట్టేసిందని. 1793 అక్టోబర్‌లో విచారణ జరిగినప్పుడు ఎబేర్ అనే పత్రికా సంపాదకుడు ఇంకా దిగజారి, కన్నకొడుకుతోనే ఆవిడకు సంబంధం అంటగట్టాడు. "ఇక్కడున్న తల్లులందరికీ నా మొర వినిపిస్తున్నాను" అని ఆవిడ అంటే, తిట్టడానికి వచ్చిన ఆడవాళ్లు కూడా కాసేపు తడబడ్డారంటారు.

మరి దేశద్రోహం అనే ఆరోపణ? దానికి ఆ కోర్టు దగ్గర గట్టి కాగితం ఏదీ లేదు. తర్వాతి కాలంలో ఆవిడ ఉత్తరాలు బయటికొచ్చాయి. 1792 మార్చిలో, ఆస్ట్రియాతో యుద్ధం ప్రకటించడానికి కొన్ని వారాల ముందు, ఫ్రెంచి సైన్యం ఎటు నుంచి దాడి చేయబోతోందో ఆవిడ ఆస్ట్రియా దౌత్యవేత్త మెర్సీకి రాసి పంపింది. అంటే రుజువు లేకుండా శిక్ష వేసిన నేరం నిజంగానే జరిగింది. జరగని మాట రెండు వందల ఏళ్లు బతికింది, జరిగిన పని పరిశోధకుల పుస్తకాల్లో ఉండిపోయింది. ఈ విప్లవంలో పెద్ద పేర్లన్నిటి చుట్టూ ఇదే తంతు. అల్లిన కథ పక్కనే అంతకంటే చిక్కైన నిజం ఒకటి ఉంటుంది, ఎవరికో ఆ కథతో పని ఉంటుంది.

ఆ పని అందరికంటే ఎక్కువ పడింది విప్లవ నాయకుడు రోబెస్పియర్‌తో.

మన బుర్రలో ఉన్న రోబెస్పియర్ ఎవరు? పౌడర్ పూసిన జుట్టు, పలచటి పెదాలు, కళ్లలో జాలి లేని చూపు, గిలటిన్ పక్కన నిలబడి తలలు లెక్కపెట్టే నియంత. సినిమాల్లో, నవలల్లో, చివరికి వీడియో గేముల్లో కూడా ఇదే మనిషి. 2014లో ఒక గేములో ఆయన్ను ఇలాగే చూపించారని ఫ్రాన్స్‌లో వామపక్ష నాయకుడు మెలాన్‌షాన్ మండిపడ్డాడు. చచ్చిపోయి 220 ఏళ్లయిన మనిషి గురించి ఇంత రభస ఏమిటని బయటివాళ్లు నవ్వుకున్నారు గానీ, ఆ దేశంలో ఇది ఇంకా మానని పుండే.

కాగితాల్లో కనిపించే మనిషి వేరు. ఆరాస్ పట్టణంలో లాయరు. 1789 డిసెంబర్‌లో యూదులకు, నటులకు పౌరహక్కులు ఇవ్వాలని వాదించాడు. ఆస్తి ఉన్నవాళ్లకే ఓటు అనే నిబంధనను వ్యతిరేకించాడు. 1791 మే 30న రాజ్యాంగ సభలో మరణశిక్షను పూర్తిగా రద్దు చేయమని ప్రసంగించాడు, సభ ఒప్పుకోలేదు. 1792 మొదట్లో దేశమంతా యుద్ధం యుద్ధం అని ఊగిపోతుంటే, తుపాకులు పట్టుకొచ్చే ప్రచారకులను ఎవరూ ప్రేమించరని హెచ్చరించాడు. పారిస్‌లో ఒక వడ్రంగి మేస్త్రీ ఇంట్లో అద్దెకుండేవాడు. డబ్బుకు లొంగడు అన్న అర్థంలో జనం పెట్టిన పేరు "అవినీతి అంటనివాడు".

అదే మనిషి 1792 డిసెంబర్‌లో దేశం బతకాలంటే లూయీ చావాలన్నాడు. 1794 ఫిబ్రవరిలో, భయం లేకపోతే సద్గుణానికి బలం లేదని ప్రసంగించాడు. ఆ జూన్ 10న వచ్చిన ప్రెయిరియల్ చట్టం నిందితులకు లాయరు లేకుండా, సాక్షులు అక్కర్లేకుండా చేసింది. సభలో ప్రవేశపెట్టింది ఆయన మిత్రుడు కూతోన్. సభ్యులు వెనకాడితే లేచి గట్టిగా సమర్థించింది రోబెస్పియరే. ఆ తర్వాత ఏడు వారాల్లో ఒక్క పారిస్‌లోనే 1,300 మందికి పైగా తలలు తెగాయి. ఆయన్ను వెనకేసుకొచ్చేవాళ్లు ఈ చట్టం దగ్గరకు రాగానే గొంతు తగ్గించడం నేను చాలాసార్లు చూశాను. తగ్గించాల్సిందే కూడా.

అయితే నియంత అనే మాట నిలబడదు. అప్పట్లో దేశాన్ని నడిపిన ప్రజా భద్రతా కమిటీలో 12 మంది ఉండేవారు. రోబెస్పియర్ అందులో చేరింది 1793 జులై 27న, కూలిపోయింది సరిగ్గా ఏడాదికి. నిర్ణయాలు కమిటీవి, సంతకాలు అందరివీ. సైన్యం కార్నో అనే మరో సభ్యుడి చేతిలో. పోలీసు పని ఎక్కువగా చూసేది మరో కమిటీ, అందులో ఆయన శత్రువులే ఎక్కువ. చివరి వారాల్లో ఆయన కమిటీ సమావేశాలకు వెళ్లడమే దాదాపు మానేశాడు. నియంతకు అలా అలిగి ఇంట్లో కూర్చునే సౌకర్యం ఉండదు కదా.

మరి ఈ బొమ్మ గీసింది ఎవరు? 1794 జులై 27న, కొత్త క్యాలెండరు ప్రకారం తొమ్మిదో థర్మిడార్ నాడు, ఆయన్ను పడగొట్టినవాళ్ల పేర్లు చదివితే సగం జవాబు దొరుకుతుంది. ఫూషే, కొల్లో దెర్బువా: ఇద్దరూ కలిసి లియోన్ నగరంలో తిరుగుబాటు అణచే పేరుతో జనాన్ని వరసగా నిలబెట్టి ఫిరంగులతో కాల్పించినవాళ్లు. టాలియన్ బోర్డోలో, బారా మార్సెయ్, టూలాన్‌లలో ఇలాంటి పనుల మీదే తిరిగినవాళ్లు. నాంట్ నగరంలో ఖైదీలను పడవల్లో కట్టి లువార్ నదిలో ముంచిన కారియే సంగతి తెలిశాక అతన్ని వెనక్కి పిలిపించడంలో రోబెస్పియర్ చెయ్యి ఉంది. ఫూషే వంటి వాళ్ల మీద కూడా ఆయన కన్ను పడింది. జులై 26న సభలో కొందరు సభ్యులు కుట్రదారులని గంటల తరబడి బెదిరించాడు, పేర్లు మాత్రం చెప్పలేదు. అదే ఆయన చేసిన పెద్ద తప్పు. ప్రతివాడూ "నా పేరే" అనుకున్నాడు. ఆ టెన్షన్‌లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. మర్నాడు ఆయన్ను మాట్లాడనివ్వకుండా అరిచి అరిచి అరెస్టు చేయించారు, 28న తల తీయించారు.

తర్వాత వాళ్లకు ఒక సమస్య వచ్చింది. ఏడాది పాటు జరిగిన చావులకు లెక్క చెప్పాల్సిన రోజు వచ్చింది, ఆ చావుల మీద సంతకాలు వాళ్లవీ ఉన్నాయి. అంతా ఒక్కడే చేశాడు అనడం కంటే సులువైన దారి ఏముంటుంది? అరెస్టు రాత్రే ఒక పుకారు వదిలారు: రోబెస్పియర్ దగ్గర రాజవంశపు లిల్లీ పువ్వు ముద్ర దొరికిందట, లూయీ కూతుర్ని పెళ్లి చేసుకుని తనే రాజవుదామనుకున్నాడట. రాజు తల తీయమన్న మనిషి గురించి ఈ పుకారు! అయినా ఆ రాత్రికి అది పనిచేసింది. ఆగస్టు 28న టాలియన్ సభలో "భయంతో నడిపే వ్యవస్థ" గురించి పెద్ద ప్రసంగం చేశాడు, తను ఆ వ్యవస్థలో లేనట్టే. రోబెస్పియర్ కాగితాలు పరిశీలించే పని కూర్తువా అనే సభ్యుడికి ఇచ్చారు. ఆయన కావాల్సినవి ఏరి అచ్చు వేయించాడు. కొత్త పాలకులకు ఇబ్బంది అయ్యేవి పక్కకు పోయాయి. ఆ కాలంలోనే ఒక బొమ్మ కూడా తిరిగింది: ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్లందర్నీ చంపేశాక, మిగిలిన ఒక్క తలారిని తనే గిలటిన్ ఎక్కిస్తున్న రోబెస్పియర్. మన కళ్ల ముందు ఇప్పటికీ ఆడుతున్నది ఆ బొమ్మే.

"భీతావహ పాలన" అని మనం పాఠాల్లో చదివేది కూడా కొంతవరకు ఇక్కడి నుంచి వచ్చిందే. 1793 సెప్టెంబర్ 5న భయాన్ని అజెండాలో పెట్టమని సభను కోరినవాళ్లు ఉన్నారు, సభ దాన్ని చట్టంగా ప్రకటించలేదని ఇటీవలి చరిత్రకారులు చూపించారు. చావులు మాత్రం నిజం. 1935లో డొనాల్డ్ గ్రీర్ అనే అమెరికన్ చరిత్రకారుడు కోర్టు రికార్డులు తిరగేసి 16,594 మరణశిక్షలు లెక్క తేల్చాడు. విచారణ లేకుండా చంపినవాళ్లను, జైళ్లలో పోయినవాళ్లను కలిపితే 35 నుంచి 40 వేలు. కోర్టు వేసిన మరణశిక్షల్లో పారిస్ వాటా 2,639. మిగతావి ఎక్కువగా అంతర్యుద్ధం నడిచిన పడమటి జిల్లాల్లో, లియోన్ చుట్టుపక్కల. చచ్చిపోయింది సిల్కు గౌన్ల దొరసానులనే మన ఊహ కూడా తప్పే. శిక్షపడ్డవాళ్లలో దొరలు వందకు ఎనిమిది, మతగురువులు ఆరేడుగురు. మిగతావాళ్లలో ఎక్కువమంది రైతులు, కూలీలు, చిన్న వ్యాపారులు. కథలు రాసేవాళ్లకు దొరసాని మెడ కావాలి, బట్టలు నేసేవాడి మెడతో నవల నడవదు.

రోబెస్పియర్‌ను అంత నల్లగా పూశాక పక్కన ఒక తెల్లబొమ్మ కావాలి కదా. ఆ చోటు మరో విప్లవ నాయకుడు డాంటన్‌కు దక్కింది. భారీ మనిషి, పెద్ద గొంతు, తిండి, తాగుడు, నవ్వు. మనవాళ్ల భాషలో చెప్పాలంటే మాస్ హీరో. భయాన్ని ఆపమన్నందుకే రోబెస్పియర్ చంపించాడని చెబుతారు. 1794లో ఆయన వర్గం శిక్షలు సడలించమని అడిగిన మాట నిజమే. కానీ ఏప్రిల్‌లో ఆయన్ను బలి తీసుకున్న విప్లవ న్యాయస్థానాన్ని 1793 మార్చిలో పట్టుబట్టి పెట్టించింది డాంటనే. "జనం భయంకరంగా మారకుండా మనమే భయంకరంగా ఉందాం" అన్నది ఆయన వాదన. రాజు మనుషుల దగ్గర డబ్బు తీసుకున్నాడన్న అనుమానానికి విప్లవ తొలినాళ్ల నాయకుడు మిరాబో రాసిన ఉత్తరం ఒకటి ఊతమిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఓలార్, మాతియే అనే ఇద్దరు ఫ్రెంచి ప్రొఫెసర్లు దీని మీద ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఓలార్‌కు డాంటన్ దేవుడు, మాతియేకు లంచగొండి. ఆ గొడవ తెగలేదు గానీ విగ్రహం మాత్రం డాంటన్‌కే. 1891లో పారిస్ నడిబొడ్డున, ఓదెయాన్ దగ్గర పెట్టారు. రోబెస్పియర్ పేరు కావాలంటే మెట్రో ఎక్కి ఊరి అంచున మాంత్రుయ్ దాకా పోవాలి. అక్కడ ఒక స్టేషన్‌కు ఆ పేరుంది.

మాట కంటే బొమ్మ బలమైనది అనడానికి విప్లవ పత్రిక నడిపిన మారా చావు చూడండి. 1793 జులై 13న షార్లెట్ కోర్డే అనే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి స్నానపు తొట్టెలో ఉన్న మారాను కత్తితో పొడిచింది. మారాకు చర్మవ్యాధి, మంట తట్టుకోలేక తొట్టెలో కూర్చునే పత్రిక రాసేవాడు. స్నేహితుడైన చిత్రకారుడు డేవిడ్ గీసిన పటంలో ఆ పుండ్లు లేవు. నున్నటి ఒళ్లు, ఏసుక్రీస్తును శిలువ నుంచి దించినట్టు వాలిన చెయ్యి. చంపిన అమ్మాయి పటంలోనే లేదు. లక్షల తలలు కావాలని పత్రికలో కేకలు పెట్టిన మనిషి ఆ పటంతో అమరవీరుడైపోయాడు. రాజపక్షం వాళ్లు అవతలి వైపు నుంచి లాగి, కోర్డేను తమ దేవతగా చేసుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం విచారణలో తను విప్లవానికి ముందు నుంచే గణతంత్రవాదినని చెప్పింది. ఆవిడ కోపం మారా మీద, ఆవిడ అభిమానం జిరాండిన్లనే మితవాద గణతంత్ర వర్గం మీద. పాపం, ఆ హత్య ఆ జిరాండిన్ల మెడకే చుట్టుకుంది. ఆ అక్టోబర్ చివర్లో వాళ్ల నాయకులు గిలటిన్ ఎక్కారు.

ఈ డేవిడ్ సంగతి కొంచెం చెప్పాలి. రాజు చావుకు ఓటు వేశాడు. నీతో పాటు విషం తాగుతానని రోబెస్పియర్‌కు మాటిచ్చి, థర్మిడార్ తొమ్మిదిన సభకే రాలేదు. పదేళ్లు దాటాక నెపోలియన్ పట్టాభిషేకం పటానికి కుంచె పట్టాడు. అబద్ధం అందంగా గీసిన ఇదే చేత్తో ఒక నిజమూ గీశాడు. రాణిని బండిలో తీసుకెళ్తుంటే గబగబా కలంతో గీసిన చిన్న స్కెచ్ ఉంది. తల మీద గుడ్డ టోపీ, కత్తిరించిన జుట్టు, వెనక్కి కట్టిన చేతులు, బిగించిన పెదాలు. 2023లో వచ్చిన ఒక భారీ హాలీవుడ్ సినిమా అదే రాణిని పొడవాటి జుట్టుతో గిలటిన్ ఎక్కించి, గుంపులో నెపోలియన్‌ను కూడా నిలబెట్టింది. ఆ రోజు నెపోలియన్ ఉన్నది వందల మైళ్ల అవతల, టూలాన్ ముట్టడిలో.

గిలటిన్ గురించి రెండు ముక్కలు. డాక్టర్ గిలటిన్ దాన్ని కనిపెట్టలేదు, దాని కింద చావలేదు. పేదకు ఉరి, దొరకు కత్తి అనే తేడా లేకుండా అందరికీ ఒకే రకం శిక్ష, నొప్పి లేకుండా ఉండాలని 1789లో అడిగాడు, అంతే. నమూనా వేసింది ఆంత్వాన్ లూయీ అనే సర్జన్, చేసింది ష్మిట్ అనే జర్మన్, అతని అసలు వృత్తి సంగీత వాద్యాలు తయారు చేయడం. గిలటిన్ 1814లో జబ్బుచేసి మంచం మీదే పోయాడు.

రచయిత్రి ఓలాంప్ ద గూజ్ విషయంలో పొరపాటు చేస్తున్నది ఈ కాలం వాళ్లం, అదీ మంచి మనసుతో. 1791లో స్త్రీల హక్కుల ప్రకటన రాసింది కాబట్టి చంపేశారని సోషల్ మీడియాలో ప్రతి మహిళా దినోత్సవానికీ ఒక పోస్టు తిరుగుతుంది. ఆవిడకు శిక్షపడింది 1793లో వేసిన పోస్టరుకు. ఒక్కటైన గణతంత్రమా, సమాఖ్యా, రాజరికమా, జనమే ఓటు వేసి తేల్చుకోవాలని అందులో రాసింది. రాజరికాన్ని ప్రతిపాదించడమే అప్పటి చట్టంలో చావు నేరం. ఆవిడ పోయాక ఒక పత్రిక, ఆడదాని హద్దు దాటినందుకు తగిన శాస్తి అన్నట్టు రాసిన మాట నిజం. కానీ కేసు అది కాదు. ఓటు వేసి తేల్చుకోమన్నందుకు చంపడం తక్కువ దారుణమా? ఆవిడను ఒక్క అంశానికే కుదించేస్తే ఈ ధైర్యం కనపడకుండా పోతుంది.

ఈ పేర్ల రాజకీయం హైదరాబాద్ దాకా వచ్చింది. నిజాం దగ్గర ఫ్రెంచి సైన్యాధిపతిగా ఉన్న రేమండ్ పేరు మీదే మూసారాంబాగ్ అంటారు, సమాధి అస్మాన్‌గఢ్‌లో ఉంది. అతను ఇండియాకు వచ్చింది విప్లవానికి పద్నాలుగేళ్ల ముందు, 1775లో. అయినా 1790లలో బ్రిటిషువాళ్లకు అతని సైన్యమంతా జాకోబిన్ (రోబెస్పియర్ వర్గపు తీవ్ర విప్లవవాదుల) ముఠాగా కనిపించింది. 1798లో రేమండ్ పోయాక, ఆ అక్టోబర్‌లో సైన్యాన్ని నిరాయుధం చేసి తమ పటాలాన్ని హైదరాబాద్‌లో దించారు. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్‌ను "పౌరుడు టిప్పు" అని పిలిచిన జాకోబిన్ క్లబ్ కథ కూడా అలాంటిదే. 1797 నాటి ఆ క్లబ్ కాగితాలు మనకు తెలిసింది 1799లో టిప్పును చంపినవాళ్లు అచ్చు వేయించాక. అవి ఎంతవరకు నమ్మాలన్నది చరిత్రకారుల మధ్య ఇంకా వాదనలోనే ఉంది.

మళ్లీ థర్మిడార్ మనుషుల దగ్గరికి వస్తే, కొల్లో దెర్బువాను ఏడాది తిరక్కుండా గయానాకు దేశబహిష్కారం చేశారు, అక్కడే పోయాడు. కారియే తల 1794 డిసెంబర్‌లోనే తెగింది. ఫూషే మాత్రం బతికాడు. లియోన్‌లో ఫిరంగులు పేల్పించినవాడు నెపోలియన్ దగ్గర పోలీసు మంత్రి అయ్యాడు, ఒట్రాంటో డ్యూక్ అనే బిరుదు తెచ్చుకున్నాడు. 1815లో రాజులు తిరిగొచ్చినప్పుడు పద్దెనిమిదో లూయీ మంత్రివర్గంలోనూ కూర్చున్నాడు. ఆ లూయీ అన్నగారి తల తీయాలని 1793లో ఓటు వేసినవాళ్లలో ఫూషే ఒకడు. 1820లో ట్రియెస్ట్‌లో బాగా డబ్బున్న మనిషిగా, తన మంచం మీద చనిపోయాడు. అతని మీద మన సాంఘిక శాస్త్రం పాఠంలో ఒక్క వాక్యం కూడా ఉన్నట్టు నాకు గుర్తులేదు.